చలిమిడికి చీమల సాక్ష్యం

ఊటుకూరి పానకాలు దృష్టిలో చీమ అంటే తరుగు. బెల్లం బస్తా కొట్లోకి దిగిన రోజు ఒక తూకం ఉంటుంది, ఆఖరి దిమ్మ అమ్ముడుపోయిన రోజు ఇంకో తూకం ఉంటుంది. ఆ మధ్య తేడాలో గాలికి ఆరిపోయింది కొంత, ఎలుక తిన్నది కొంత, మొహమాటానికి చిదిపి పిల్లల చేతుల్లో పెట్టింది కొంత. మిగిలిందంతా చీమలదే. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆయన ఎలుకను క్షమించాడు, మొహమాటాన్ని తగ్గించుకున్నాడు. చీమను మాత్రం ఎన్నడూ లాభం పక్కన రాయలేదు. రాయాల్సిన రోజొకటి వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే, అలాంటి మనిషికి అరువు పెట్టడం క్షేమం కాదని అప్పుడే తేల్చుకునేవాడు.

ఆ రోజు పచ్చతోరణం కాలనీ సంక్షేమ సంఘం రూపంలో వచ్చింది.

ఊరి చివర కాలవ దాటగానే కాలనీ గేటు. గేటు పక్కన పానకాలు కొట్టు, కొట్టు మీద ఇల్లు, ఇంటి మీద భార్య సుగుణమ్మ తోట. పాత రంగు డబ్బాల్లో వంగ, బెండ, తోటకూర, ఒక మూలన పొట్ల పందిరి. ఆ తోట మీద పానకాలుకు సదభిప్రాయమే ఉండేది. కూరల ఖర్చు తగ్గుతుంది, సుగుణమ్మ కోపమంతా పురుగుల మీద ఖర్చవుతుంది.

సంఘం అధ్యక్షుడు చక్రధరరావు ఏదో శాఖలో డిప్యూటీ డైరెక్టరుగా దిగిపోయారు. ఏ శాఖో కాలనీలో ఎవరికీ రూఢిగా తెలియదు గాని, ఆయన కుర్చీ దిగినా ఫైలు ఆయన నోట్లోంచి దిగలేదు. దాహం వేస్తే "తాగునీటి ఆవశ్యకత ఏర్పడినది" అనేవారు. తీపంటే ఆయనకు ప్రాణం. ఆరోగ్యం పేరు చెప్పి ఇంట్లో ఆయన భార్య తీపిని పూర్తిగా నిషేధించింది. ఈ రెండు సంగతులూ కలిపి చూసుకుంటే తర్వాత జరిగినదంతా సులువుగానే అర్థమవుతుంది. అప్పట్లో ఎవరూ కలిపి చూడలేదు.

ఒక ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఆయన లేచి నిలబడ్డారు.

"నేటి సమాజములో మనము తినుచున్నది అన్నము కాదు, రసాయనము. కావున కాలనీవాసులందరూ ఎవరి కూరలు వారే సేంద్రియ పద్ధతిలో పండించుకొని భుజించవలెనని తీర్మానించడమైనది."

"తీర్మానించారా, తీర్మానిస్తారా?" అని వెనకనుంచి సీతారత్నం అడిగింది. ఆమె ఆడపిల్లల కాలేజీలో లెక్కల లెక్చరరు.

"అయినదమ్మా. మీరు చప్పట్లు కొట్టడమే తరువాయి."

కొట్టారు. సేంద్రియమో కాదో తేల్చేదెలా అన్న ప్రశ్నకు సాంకేతిక సలహాదారు డాక్టర్ నిరంజన్ జవాబు చెప్పాడు. ఆయన డాక్టరేటు గ్రంథాలయ శాస్త్రంలో. అయితే మట్టి గురించి, ఎరువుల గురించి వచ్చిన పుస్తకాలన్నిటినీ స్వహస్తాలతో అరల్లో సర్దిన అనుభవం ఉంది.

"చాలా సింపుల్. మందు కొట్టిన కాయ జోలికి పురుగు పోదు. పురుగు పట్టిందంటే అది శుద్ధమైన కాయ. దీన్ని కీటక సాక్ష్యం అంటారు."

మర్నాటినుంచి తనిఖీలు మొదలయ్యాయి. సుగుణమ్మ తోట తనిఖీకి అధ్యక్షులవారు, సలహాదారు ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. వంకాయలు ఊదారంగులో నిగనిగలాడుతున్నాయి. నిరంజన్ ఒక కాయను వెలుగుకు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క పుచ్చూ లేదు. అనుమానాస్పదమైన నిగారింపు."

"రోజూ పొద్దున్నే ఒక్కో పురుగునీ ఏరి పారేస్తంటే పుచ్చెట్టా ఉంటదండీ?" అంది సుగుణమ్మ.

అధ్యక్షులవారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అనగా సాక్షులను తొలగించినట్లు మీరే అంగీకరించుచున్నారు."

సుగుణమ్మ నోరు తెరవబోయింది. పానకాలు అడ్డుపడి, మర్నాడు మళ్ళీ దయచేయమని వాళ్ళను సాగనంపాడు. ఆ సాయంత్రం కొట్లో గోతాలు కుట్టే దబ్బనం తీసుకుని మేడెక్కి, ఒక్కో వంకాయకూ శ్రద్ధగా రెండేసి చిల్లులు పొడిచాడు.

"ఇదేం పనయ్యా? శుభ్రమైన కాయల్ని!"

"శుభ్రమైన కాయ ఫెయిలయింది గదే. ఫెయిలైన సరుకుని పాసయ్యే సరుకు చెయ్యటమేగా వ్యాపారమంటే."

మర్నాడు నిరంజన్ ఆ చిల్లులను భూతద్దంతో చూసి, ఈ పురుగు చాలా పద్ధతిగా తొలిచిందని మెచ్చుకున్నాడు. ఆ వారం కాలనీలో దబ్బనాలకు గిరాకీ పెరిగింది. పానకాలు ఆ గిరాకీని గమనించాడు, దబ్బనాలు తెప్పించాడు, నోరు మూసుకున్నాడు.

తర్వాతి సమావేశంలో అధ్యక్షులవారు ఇంకో మెట్టు ఎక్కారు. శుద్ధమైన కూరలు తిని బజారు మిఠాయి తింటే వ్రతం చెడినట్టేనట. ఇకనుంచి గేటు లోపల బజారు తీపి నిషిద్ధం. పుట్టినరోజైనా పేరంటమైనా తీపి ఇంట్లోనే చెయ్యాలి. చెరకు కూడా కుండీల్లోనే పెంచుకోవాలి. అది ఎదిగే లోపల బెల్లం మటుకు కొట్లో కొనుక్కోవచ్చునని సడలింపు.

ఈ మాట వినగానే పానకాలు చెయ్యి అందరికంటే ముందు లేచింది. కాలనీలో ఉన్న బెల్లం కొట్టు ఆయనదొక్కటే.

"మా సంపూర్ణ మద్దతండీ!"

"పదిమందికి పెట్టు తీపి ఏదైనను ముందుగా హాలులోని అరుగుపై ఉంచవలెను," అని అధ్యక్షులవారు కొనసాగించారు. "అరగంటలోపు దానికి చీమలు పట్టినచో సదరు పదార్థము శుద్ధమైనదిగా ప్రకటించబడును. దీనికి పిపీలికా ప్రామాణీకరణ విధానమని పేరు. ఎర్రచీమలు నూనెకు కూడా వచ్చును గనుక వాటి సాక్ష్యము చెల్లదు. నల్లచీమలు, గండుచీమలు మాత్రమే. ఉత్తీర్ణత పొందిన పదార్థములో ప్రథమాస్వాదన అధ్యక్షులకు చెందును."

"అంటే?" అంది సీతారత్నం.

"తొలి ముద్ద నాది."

"మరి ఫెయిలయిన తీపో?"

"వృథా కానివ్వము. కంపోస్టు గుంటలో వేసి నేలతల్లికి సమర్పింతుము."

ఇంటికొస్తూ సుగుణమ్మ భర్తను నిలదీసింది. "రేపు మనింట్లో ఏదన్నా శుభకార్యం వస్తే మనక్కూడా ఇదే గదా రూలు?"

"మన కొట్లో ఉన్నన్ని చీమలు జిల్లాలో ఎక్కడున్నాయే? మనకి భయమేంది!"

ఆయన చెప్పింది నిజమే. మిగతా ఇళ్ళలో చీమలు లేవు. ఏళ్ళ తరబడి చీమల సుద్ద గీసి గీసి, మందు చల్లి చల్లి, ఆ ఇళ్ళవాళ్ళు వాటిని నిర్మూలించారు. ఆ సుద్ద అమ్మింది పానకాలే. ఇప్పుడు ఒక్కొక్కళ్ళే కొట్టు మెట్లెక్కడం మొదలుపెట్టారు.

మొదట సీతారత్నం వచ్చింది. కాసేపు కందిపప్పు చూసినట్టు, చింతపండు చూసినట్టు నటించి, గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, రేపు మా వాడి పుట్టినరోజు. బొబ్బట్లు చేస్తున్నా. కాస్త... చీమలేమైనా..."

"బెల్లం ఎంత కావాలమ్మా?"

"బెల్లం ఉందండీ ఇంట్లో."

"బెల్లంతో పాటయితేనే చీమలిస్తున్నామమ్మా. విడిగా ఇస్తే వాటికి మర్యాదగా ఉండదు."

ఆమె బెల్లం కొంది. పానకాలు కొబ్బరిచిప్పకు లోపల పాకం పూసి బస్తా మీద బోర్లించి, నిండా చీమలు పట్టాక పైన తమలపాకు కప్పి చేతికిచ్చాడు. పని అయ్యాక చిప్పతో సహా తిరిగి తెచ్చివ్వాలని షరతు పెట్టాడు. బొబ్బట్లు పాసయ్యాయి. అధ్యక్షులవారు తొలి ముద్దగా మూడు బొబ్బట్లు ఆస్వాదించి, నాలుగోదాన్ని పునఃపరిశీలన నిమిత్తం ఇంటికి తీసుకెళ్ళారు.

అప్పటినుంచి కొట్టుముందు చిప్పలు పట్టుకుని జనం. అరిసెలకు గండుచీమలు కావాలనేవాళ్ళు, కొబ్బరి ఉండలకు నల్లచీమలు చాలనేవాళ్ళు, క్రితంసారి ఇచ్చిన చీమలు చురుగ్గా లేవని గొడవపడేవాళ్ళు. సంఘం పానకాలుకు శాలువా కప్పి, గౌరవ పిపీలికా సరఫరాదారు అన్న హోదా ఇచ్చింది. తరుగు పద్దు లాభం పద్దయినందుకు ఆయన లోపల్లోపల పొంగిపోయాడు. ఆ సంతోషంలో ఒక చిన్న సంగతి పట్టించుకోలేదు. చిప్పలు తిరిగొస్తున్నాయి, చీమలు రావడం లేదు.

వచ్చేందుకు వాటికి తీరిక లేదు. దొరికిన చీమలను దొరికినట్టే ఇంట్లో నిలుపుకోవాలని, ఎవరికి వాళ్ళు గుమ్మం పక్కన పంచదార పోయడం, పాలకోవా నలిపి వెయ్యడం మొదలుపెట్టారు. పొద్దున రవ్వలడ్డు, మధ్యాహ్నం కజ్జికాయ తిన్న చీమకు సాయంత్రం అరుగు మీది బొబ్బట్టు ముక్క మీద ఏం మోజుంటుంది? పళ్ళెం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వెళ్ళిపోయేవి.

మొదట మైలవరపు వారి పూర్ణాలు ఫెయిలయ్యాయి. తర్వాత సీతారత్నం రెండోసారి చేసిన బొబ్బట్లు ఫెయిలయ్యాయి. కిందటి నెల ఇవే బొబ్బట్లు మూడు తిన్నారు గదా అని ఆమె గుర్తుచేసింది.

"ప్రమాణములు పెరిగినవమ్మా," అన్నారు అధ్యక్షులవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు బొబ్బట్ల పళ్ళెం వెంట గుంటదాకా వెళ్ళి, బరువుగా తిరిగొచ్చాయి. ఆ నెలలో ఆయన తొలి ముద్ద ఒక్కటీ తినలేదు. మనిషి చిక్కిపోయారు. అయినా రూలు రూలే. కాలనీలో పొంగిన ప్రతి పాకమూ, వేయించిన ప్రతి జీడిపప్పూ కంపోస్టు గుంటలోకే పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పానకాలు కూతురు బిందుకు ఏడో నెల వచ్చింది. శ్రీమంతం చెయ్యాలి. తల్లి తన చేత్తో చలిమిడి చేసి కూతురి ఒడిలో పెట్టాలి. అది తిన్న తర్వాతే మిగతా వేడుక. కడుపు చల్లగా ఉండాలని పెట్టే చలిమిడి అది. బిందు అత్తగారు నాగరత్తమ్మ ఒంగోలునుంచి ముందురోజే దిగింది. సంగతంతా విని బుగ్గలు నొక్కుకుంది.

"ఏంది వదినా, చీమలు ఎంగిలి చేస్తేగాని నా కోడలు చలిమిడి తినకూడదా? అవి రాకపోతే?"

సుగుణమ్మ భర్త వైపు చూసింది. రాకపోతే కూతురి ఒడిలో పడాల్సిన చలిమిడి కుళ్ళు గుంటలో పడుతుంది. అది ఏ తల్లీ నోటితో అనే మాట కాదు.

పానకాలు కొట్లోకి దిగాడు. బస్తాలన్నీ కదిలించి చూశాడు. ఒక్క చీమ లేదు. బెల్లం చెక్కుచెదరకుండా, కొన్న రోజున ఉన్నట్టే ఉంది. జన్మలో మొదటిసారి తరుగు లేని సరుకు చూసి ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది.

తిన్నగా అధ్యక్షులవారింటికి వెళ్ళాడు.

"చలిమిడికి మినహాయింపు ఇప్పించండి. కడుపుతో ఉన్న పిల్ల."

"గర్భిణీ స్త్రీల విషయమున నిబంధనలు మరింత కట్టుదిట్టముగా అమలు చేయవలసియున్నది పానకాలు గారూ. పైగా ఈ విధానమునకు తొలి మద్దతు తమరిదే. మినిట్సులో నమోదైనది."

"చీమలు దొరకట్లేదండీ."

"సరఫరాదారు తమరే కదా?" అని అధ్యక్షులవారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

పానకాలు బయటికొచ్చి గేటు దగ్గర అరుగు మీద కూలబడ్డాడు. శాలువా కప్పించుకున్న భుజాలు ఇప్పుడు బరువనిపించాయి. అప్పుడు కనిపించింది, ప్రహరీగోడ వెంట సన్నటి నల్లటి గీత. లేచి దాని వెంట నడిచాడు. అది నీళ్ళ ట్యాంకు వెనకకు తిరిగింది. ఎడమనుంచి ఇంకో గీత వచ్చి కలిసింది, కుడినుంచి మరొకటి. అన్నీ కలిసి బారుగా కంపోస్టు గుంటలోకి దిగుతున్నాయి.

గుంట నల్లగా కదులుతోంది. ఎండుటాకుల మీద పూర్ణాలు, వాటిమీద అరటితొక్కలు, వాటిమీద బొబ్బట్లు. కాలనీ చీమలన్నీ అక్కడే కాపురం పెట్టాయి. తన కొట్లోవి కూడా ఉండే ఉంటాయి. చూస్తే గుర్తుపట్టలేకపోయాడు, బాగా ఒళ్ళు చేశాయి.

గుంట పక్కన మంచి బెల్లం దిమ్మ పెట్టి చూశాడు. తలెత్తలేదు. తేనె తెచ్చి చుక్కలు చుక్కలుగా దారి పోశాడు. ఒక గండుచీమ వచ్చి వాసన చూసి, ఆయన వైపోసారి చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ఉచితంగా విందు పెడుతున్న అంగడి వదిలి ఏ ఖాతాదారు ఇంకో మెట్టెక్కుతాడు? ఇది పానకాలుకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. ఖాతాదారు కొట్టుకు రానప్పుడు ఏం చెయ్యాలో కూడా ఆయనకు తెలుసు. మోకాళ్ళ మట్టి దులుపుకుని, గుంటవైపు ఇంకోసారి చూసి, ఈలవేసుకుంటూ ఇంటికొచ్చాడు.

"దొరికినయ్యా?" అంది సుగుణమ్మ.

"దొరికినయ్. రావు."

"మరెందుకు ఈల?"

"నువ్వు చలిమిడి బాగా చెయ్యి. నెయ్యి దగ్గర చూసుకోమాక."

మర్నాడు హాలు నిండింది. బిందు పట్టుచీర కట్టుకుని, మోచేతులదాకా గాజులతో పీట మీద కూర్చుంది. తడిపిండి చలిమిడి, మీద గసగసాలు, వేయించిన కొబ్బరి పలుకులు. వెండి పళ్ళెం అరుగు మీదికెక్కింది. అధ్యక్షులవారు గడియారం చూసుకున్నారు. నిరంజన్ భూతద్దం తీశాడు. ముత్తయిదువులు పాట మధ్యలో ఆపేసి పళ్ళెం వైపే చూస్తున్నారు. ఏలకుల వాసన హాలంతా పరుచుకుంది. అందరి నోళ్ళూ ఊరాయి, అధ్యక్షులవారి గుటక వెనక వరుసదాకా వినిపించింది. చీమ మాత్రం రాలేదు.

"అరగంట ముగిసినది," అన్నారాయన నీరసంగా. "సదరు పదార్థమును గుంటకు తరలించవలసినదిగా..."

సుగుణమ్మ రెండు చేతులూ పళ్ళెం మీద పెట్టి నిలబడింది. "నా కూతురి చలిమిడి ముట్టుకుంటే మర్యాదగా ఉండదు!" బిందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాగరత్తమ్మ లేచి కొంగు నడుముకు చుట్టింది.

"ఆగండాగండి," అన్నాడు పానకాలు ప్రశాంతంగా. "రూలు రూలేనండీ. కాకపోతే శుభకార్యం సరుకు గదా, గుంటదాకా తమరు కూడా దయచేయాలి. అందరూ రండి."

ఊరేగింపులా బయల్దేరారు. ముందు పళ్ళెం వదలని సుగుణమ్మ, వెనక అధ్యక్షులవారు, ఆయన వెనక జనం, అందరికంటే వెనక అత్తగారి చెయ్యి పట్టుకుని బిందు. గుంట దగ్గర పానకాలు ఆగి, రాత్రి తను కప్పి ఉంచిన తాటాకు తొలగించాడు.

"నిరంజన్ గారూ, ఇవేం చీమలండీ?"

నిరంజన్ వంగాడు. "నల్లచీమలు. గండుచీమలు కూడా. అబ్బ, ఎన్ని లక్షలో!"

"ఎర్రవి?"

"ఒక్కటి కూడా లేదు."

"మరి ఇన్ని నల్లచీమలు పట్టిన తీపి సంగతి రూలు ఏమంటదండీ?"

నిరంజన్ అలవాటుకొద్దీ చెప్పేశాడు. "పరమ శుద్ధం. పాస్."

చెప్పాక అధ్యక్షులవారి మొహం చూసి భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. పానకాలు అప్పటికే వెంట తెచ్చిన అరటాకు ముక్క విప్పి, గరిటెతో గుంటలోంచి ఒక ముద్ద ఎత్తాడు. పూర్ణం ఉంది, తొక్క ఉంది, నానిన ఆకు ఉంది, పక్కన ఏదో కదులుతోంది. రెండు చేతులతో వినయంగా చాచాడు.

"ఈ నెలలో పాసయిన తీపి ఇదొక్కటేనండీ. ప్రథమాస్వాదన తమరిది."

ఎవరూ నవ్వలేదు. అదే భయంకరంగా ఉంది.

"పైనున్నది మా బొబ్బట్టే సార్," అంది సీతారత్నం. "మీకు ఇష్టమని నెయ్యి ఎక్కువ వేశాను. కానివ్వండి."

"అనగా... ఆస్వాదన ప్రక్రియను ప్రస్తుతమునకు వాయిదా..."

"వాయిదాకి రూల్లో వీల్లేదండీ. మినిట్సులో చూసుకోండి."

అధ్యక్షులవారు ముద్ద వైపు చూశారు. ముద్దలో కదులుతున్నది కూడా తలెత్తి ఆయన వైపు చూసినట్టే ఉంది. ఆయన నుదురు తుడుచుకున్నారు.

"పునఃసమీక్ష జరుగువరకు పిపీలికా విధానమును తక్షణము నిలుపుదల చేయడమైనది."

"చలిమిడి మాటో?" అంది నాగరత్తమ్మ, కొంగు ఇంకా వదలకుండా.

"చలిమిడిని తీపి పదార్థముగా కాక... సంప్రదాయ లాంఛనముగా పరిగణించడమైనది."

సుగుణమ్మ మళ్ళీ హాలుదాకా నడవలేదు. అక్కడే, నీళ్ళ ట్యాంకు నీడలో కూతురి కొంగు పట్టించి, చలిమిడి ముద్ద ఒడిలో పెట్టి, ఒక తునక నోటికందించింది. బిందు కళ్ళు మూసుకుని తింది. "నెయ్యి ఎక్కువేశావే అమ్మా," అంది. తల్లి నవ్విందో ఏడ్చిందో గాజుల చప్పుడులో తెలియలేదు. పాట ఆపిన చోటునుంచి ఎవరో అందుకున్నారు.

అధ్యక్షులవారు ఒక పక్కగా నిలబడి ఉన్నారు. నెలరోజులుగా తీపి ఎరుగని మనిషి. బిందుకే జాలేసింది.

"బాబాయిగారూ, మీరూ చెయ్యి పట్టండి."

ఆయన చెయ్యి పట్టారు. నోట్లో వేసుకున్నారు. నెమ్మదిగా చప్పరించారు. తర్వాత మళ్ళీ చెయ్యి చాచారు. వేళ్ళకు పాకం జిడ్డుగా మెరుస్తోంది. అప్పుడు గుంట వైపునుంచి ఒక గండుచీమ, బాగా ఒళ్ళు చేసింది, తీరిగ్గా ఆయన పంచె మీదుగా ఎక్కి, చొక్కా చేతి మీదుగా పాకి, తీపి అంటిన వేలి దాకా వచ్చింది. జనమంతా ఊపిరి బిగబట్టారు. చీమ ఒక్క క్షణం ఆలోచించి కసుక్కున కుట్టింది.

"ఓరి నాయనో! చచ్చాన్రా!" అన్నారు అధ్యక్షులవారు. ఆయన నోట ఫైలు లేని మాట కాలనీ వినడం అదే మొదలు.

తన కొట్లోదో కాదో తెలియని ఆ ఒక్క చీమను మాత్రం పానకాలు లాభం పక్కన రాసుకున్నాడు.